చలికాలం నాలుగు నెలలకైనా ఆ గేటు తెరవండి

ఉప్పల్, నాచారం ప్రాంతాల కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, ఇక్కడి పార్కుల నిర్వహణ బాధ్యత వహిస్తున్న పురపాలక అధికారులకు బహిరంగ లేఖ



పార్కు గేటుకు ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అని బోర్డు తగిలించడం చాలా తేలికైన పని. దానికి ఒక రేకు ముక్క, కాస్త రంగు, కార్యవర్గ సమావేశంలో ఐదు నిమిషాల చర్చ చాలు. ఆ బోర్డు ఎవరిని ఆపుతున్నదో, ఎవరిని ఆపలేకపోతున్నదో మాత్రం ఆ ఐదు నిమిషాల్లో ఎవరూ ఆలోచించినట్టు కనబడదు. వీధి కుక్క బోర్డు చదవదు. ప్రహరీ గోడ కింది సందులోంచి దూరివచ్చి సిమెంటు బెంచీ నీడన దర్జాగా పడుకుంటుంది. గేటు దగ్గర ఆగిపోయేది టీకాలు వేయించి, పురపాలక సంస్థ దగ్గర లైసెన్సు తీసుకొని, మెడపట్టీకి తాడు కట్టి చేత పట్టుకొని వచ్చిన యజమానీ, అతని పెంపుడు కుక్కా మాత్రమే. చట్టాన్ని పాటించినవారికి మాత్రమే తగిలే ఆంక్షను ప్రజాభద్రత పేరుతో సమర్థించడం మీకు సబబుగా తోస్తున్నదా?

ఆ చట్టం ఏమంటున్నదో ముందుగా చూడవలసి ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. ఏయే చేష్టలు క్రూరత్వం కిందికి వస్తాయో అందులోని 11వ సెక్షన్ వరుసగా చెబుతుంది. కొట్టడం, తిండి పెట్టకపోవడం, మోయలేని బరువు మోయించడం వంటి అందరికీ తెలిసినవాటితో పాటు, ఎప్పుడూ గొలుసుతో కట్టివేసి గానీ ఇరుకు చోట బంధించి గానీ ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకుండా యజమాని అశ్రద్ధ చేయడం కూడా ఆ జాబితాలో ఉంది. కుక్కను బయటికి తీసుకువెళ్లి నడిపించడం కొందరు అనుకుంటున్నట్టు కులాసా రాయుళ్ల సరదా కాదనీ, రెండు పడకగదుల ఫ్లాట్‌లో కుక్కను పెంచే ప్రతి యజమాని మీదా చట్టం మోపిన బాధ్యత అనీ దీన్నిబట్టి తెలుస్తుంది. మొదటిసారి తప్పు చేసినవారికి ఆ చట్టం విధించే జరిమానా పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయలకు మించకుండా ఉంటుందనీ, ఆ సొమ్ముతో ఉప్పల్ చౌరస్తాలో కడుపు నిండా టిఫిను కూడా రాదనీ అనవచ్చు. కానీ జరిమానా చిన్నదైనంత మాత్రాన విధి చిన్నది కాదు. నడిపించకపోతే చట్టం ఊరుకోదు, నడిపించబోతే మీ కాపలాదారు ఊరుకోడు. ఈ రెంటి నడుమ నిలబడ్డ పౌరుడు ఎటు పోవాలి?

ఈ ప్రశ్న ఏడాది పొడవునా ఉన్నదే అయినా, చలికాలంలో దీన్ని గట్టిగా అడగడానికి దక్కన్ వాతావరణంలోనే ఒక కారణం ఉంది. మనిషికి పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. దాని చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల అడుగున ఉండే మెత్తల్లోనే ఉంటాయి కనుక, నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని వదిలించుకుంటుంది. దాని సహజ దేహ ఉష్ణోగ్రతే 38, 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది కాబట్టి, గాలి వేడి కూడా ఆ అంకెను చేరిన రోజున రొప్పడం వల్ల కలిగే ఉపశమనం బాగా తగ్గిపోతుంది. మార్చి నడిమి నుంచి తొలకరి దాకా హైదరాబాద్ తారు రోడ్డు సాయంత్రం ఆరు దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్ల పాటు ఆనించి ఉంచలేని నేల మీద కుక్కను నడిపించకూడదన్నది పశువైద్యులు చెప్పే సులువైన కొలత, ఆ కొలత ప్రకారం ఎండాకాలంలో తెల్లవారుజాము తప్ప మరో వేళ మిగలదు. వానాకాలం వచ్చిందంటే గడ్డిలో గోమార్లు, అంటే కుక్క చర్మానికి అంటుకొని రక్తం పీల్చే పురుగులు, విజృంభించి వాటి ద్వారా ప్రాణాంతకమైన జ్వరాలు సోకుతాయి. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే కాలేయ, మూత్రపిండాల వ్యాధి వస్తుంది, ఇది మనుషులకు కూడా సోకే వ్యాధి. ఇవన్నీ పోగా మిగిలేది కార్తికం నుంచి మాఘం వరకు నాలుగు నెలలు. డిసెంబరు, జనవరి నెలల్లో నగరపు సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లోనూ, పగటి గరిష్ఠం 28, 29 డిగ్రీల దగ్గరా ఉంటాయి. కీళ్లు పట్టేసిన ముసలి లాబ్రడార్ కూడా పదిగంటల ఎండలో నిదానంగా నడిచి, గడ్డిలో దొర్లి, ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోగల కాలం ఇదొక్కటే. ధనుర్మాసపు ముగ్గులు, పతంగులు, నుమాయిష్ అనే వార్షిక ప్రదర్శన, వీధి మలుపుల్లో రేగుపళ్ల బండ్లు అన్నీ ఈ నాలుగు నెలల్లోనే రావడం చూస్తే, ఇక్కడి మనుషులు కూడా తమ ఆరుబయటి సంతోషాలన్నిటినీ ఈ కాలానికే దాచుకున్నారని అర్థమవుతుంది. మనిషికీ అతని కుక్కకూ ఒకేసారి కలిసివచ్చే ఋతువులో పార్కు గేటు మూసివేయడం ఏ ప్రయోజనం కోసం?

‘నడిపించడానికి రోడ్లు లేవా?’ అన్నది సంఘాల సమావేశాల్లో ఎదురయ్యే మొదటి జవాబు. ఉన్నాయి, అవి ఎలా ఉన్నాయో మీకు తెలియనిది కాదు. ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ దిక్కుగా పోయే రహదారి మీద నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్, అంటే స్తంభాల మీద సాగే రోడ్డు, పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగి, ఆ దారి పొడవునా దుమ్మునూ గుంతలనూ మిగిల్చాయి. నాచారం పారిశ్రామికవాడలో పగలనక రాత్రనక లారీలు తిరుగుతాయి. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద టిఫిన్ బండో, పార్క్ చేసిన మోటార్ సైకిళ్లో ఉంటాయి. దీనికి తోడు చలికాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరగా ఉన్న గాలి చల్లబడి బరువెక్కి, దాని పైన వెచ్చని గాలి పొర ఏర్పడి, పొగనూ దుమ్మునూ పైకి పోనీయకుండా ఆపుతుంది. శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతా విలోమం అనే ఈ స్థితిలో వాహనాల పొగను అందరికన్నా నేలకు దగ్గరగా పీల్చేది అడుగున్నర ఎత్తులో ముక్కు ఉన్న ప్రాణి. అయితే వీటన్నిటినీ మించిన ఇబ్బంది ఒకటుంది. దాన్ని వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మీ బోర్డు వల్ల కలిగే అసలు నష్టం అక్కడే ఉంది.

లోపలి వీధుల్లో తాడు పట్టిన కుక్కతో నడిచేవారెవరికైనా ఈ క్రమం కొట్టిన పిండే. కరెంటు స్తంభం దగ్గర ముడుచుకొని పడుకున్న వీధి కుక్క ముందు తల ఎత్తుతుంది, చెవులు నిక్కిస్తుంది, ఒక్కసారి మొరుగుతుంది. ఆ మొరుగుకు ఇస్త్రీ బండి కింది నుంచి రెండోది, చెత్త ఆటో ఆగే మూల నుంచి మరి రెండూ లేచి వస్తాయి. పెంపుడు కుక్క వీపు మీది వెంట్రుకలు లేస్తాయి, తాడు బిగుసుకుంటుంది, దాన్ని పట్టుకున్నవారు పరుగెత్తడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. చేతికర్రతో నేల మీద కొడుతూ, అదిలిస్తూ, కుక్కను కాళ్ల మధ్యకు లాక్కుంటూ అడుగులో అడుగు వేస్తారు. పదిళ్లు దాటేసరికి ఆ గుంపు చప్పున ఆగిపోతుంది, దాని సరిహద్దు అక్కడితో సరి. పదకొండో ఇంటి దగ్గర మరో గుంపు తన సరిహద్దు కాచుకొని సిద్ధంగా ఉంటుంది. సరిగ్గా అదే వేళకు, అదే మలుపులో, స్కూలు బస్సు కోసం పిల్లలు నిలబడి ఉంటారు, పాల ప్యాకెట్టు పట్టుకున్న ముసలమ్మ గోడవారగా నడుస్తూ ఉంటుంది. గేటూ, ప్రహరీ, కాపలాదారూ ఉన్న పార్కులో ఈ కొట్లాట జరగడానికి అవకాశం తక్కువ. వీధి మలుపులో ప్రతి ఉదయం ఉంది. పిల్లల భద్రత కోసమే బోర్డు పెట్టామని చెప్పే మీరు, ఆ కొట్లాటను తీసుకుపోయి పిల్లలు నిలబడే చోటికే చేర్చారన్న సంగతి గమనించారా?

భయం అకారణమైనదని ఈ లేఖ అనడం లేదు. ఉప్పల్‌కు కూతవేటు దూరంలోని అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరి 19న నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయిన ఘటన తర్వాత ఈ ప్రాంతపు తల్లిదండ్రులు ఏ కుక్కను చూసినా ఉలిక్కిపడితే వారిని తప్పుపట్టగలవారెవరూ లేరు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసంభవం. కాటుకు టీకా కోసం నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ దగ్గర బారులు తీరే జనమే ఆ భయానికి సాక్ష్యం. అయితే వీధి కుక్కల సమస్యకు చట్టం వేరే దారి చూపింది. కేంద్రం 2023 మార్చిలో ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమాలు, అంటే వీధి కుక్కలను పట్టి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసే పద్ధతిని నిర్దేశించే నియమాలు, ఆ పనిని స్థానిక సంస్థల మీద పెట్టాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఆ పద్ధతినే సమర్థించి, నవంబరు 7న మరో అడుగు ముందుకు వేసి, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధి కుక్కలను తొలగించాలనీ, వాటిని తిరిగి అక్కడ వదలకూడదనీ ఆదేశించింది. ఈ ఆదేశాలన్నీ వీధి కుక్కలకు సంబంధించినవి. వాటిలో దేనిలోనూ టీకా వేసిన పెంపుడు కుక్కను పార్కు గేటు దగ్గర ఆపమని లేదు. శస్త్రచికిత్సలూ టీకాలూ చేయించవలసిన కష్టమైన పని ఒకటీ, బోర్డు రాయించే సులువైన పని ఒకటీ ఎదురుగా ఉన్నప్పుడు, రెండోది చేసి మొదటిది చేసినట్టు అనిపించుకోవడం బాధ్యత గల పదవిలో ఉన్నవారికి తగునా?

పెంపుడు కుక్కల విషయంలో భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న జారీ చేసిన మార్గదర్శకాలు మీ సంఘాల కోసమే రాసినవి. 1960 చట్టం కిందనే ఏర్పడి, జంతు సంక్షేమ విషయాల్లో కేంద్ర ప్రభుత్వానికి సలహాలిచ్చే చట్టబద్ధ సంస్థ అది. కుక్కలను పెంచుకోవడాన్ని సంఘాలు నిషేధించలేవనీ, లిఫ్టు వాడకాన్ని నిరాకరించలేవనీ చెప్పిన ఆ పత్రం, పార్కుల నుంచి పెంపుడు జంతువులను బహిష్కరించడం ముందుచూపు లేని పని అనీ, తగిన వ్యాయామం దొరికిన కుక్క తక్కువగా మొరుగుతుందనీ, తక్కువ దుడుకుగా ఉంటుందనీ, యజమానులతో సంప్రదించి వేళలు నిర్ణయించుకోవడం మేలనీ వివరించింది. పెంపుడు జంతువులను నిషేధించే సంఘాల ఉపనిబంధనలు చెల్లవని కేరళ హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. అంతకుముందే, 2014 మే 7న, జల్లికట్టు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు జంతువులకు ఐదు స్వేచ్ఛలను గుర్తించింది. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పీ రోగాల నుంచి, భయం నుంచి విముక్తితో పాటు, తన జాతి సహజ ప్రవర్తనను కనబరచే స్వేచ్ఛ వాటిలో ఐదోది. మట్టిని వాసన చూడడం, గడ్డిలో పరుగెత్తడం కుక్కకు సహజ ప్రవర్తన కాకపోతే మరేది? స్వర్గద్వారం దగ్గర కుక్కను విడిచి లోపలికి రానన్న ధర్మరాజు కథను ఇక్కడ ఎత్తుకోవడం అతి అవుతుంది. కాలనీ పార్కు స్వర్గం కాదు, అక్కడి విరిగిన ఉయ్యాలలను చూసినవారెవరూ అలా పొరబడరు కూడా.

ఇక యజమానుల సంగతి. మీ ఫిర్యాదుల్లో సగానికి సగం న్యాయమైనవే. పక్కింటి గేటు ముందు కుక్క విసర్జిస్తే అటు తిరిగి ఫోను చూసుకునేవారు, తాడు లేకుండా వదిలి ‘మావాడు ఏమీ చేయడండీ’ అని దూరం నుంచి కేకవేసేవారు, కుక్కను అదుపు చేయలేని బక్కపలచని పనిపిల్లవాడి చేతికి తాడిచ్చి పంపేవారు ఈ కాలనీల్లో లేకపోలేదు. మంచు ప్రాంతాల కోసం దట్టమైన జోడు పొరల బొచ్చుతో పుట్టిన హస్కీని గొప్ప కోసం కొని, దాన్ని హైదరాబాద్ ఎండలో పెంచడం ఎంతటి తెలివితక్కువ పనో వారికి ఎవరో ఒకరు చెప్పవలసింది. కొల్లేటి ప్రాంతపు జోనంగి వంటి పొట్టి బొచ్చు దేశవాళీ జాతులు ఈ వాతావరణానికి పుట్టినవే కదా. కుక్కను అదుపు లేకుండా వదిలేవారి మీద చర్య తీసుకోవడానికి భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఉంది. తన స్వాధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలు అది కల్పిస్తున్నది. తప్పు చేసినవారిని పట్టుకోవడానికి ఇంత సాధనం చేతిలో ఉండగా, తప్పు చేయనివారందరినీ కలిపి గేటు బయట నిలబెట్టడం దేనికి? గుట్కా ఉమ్మేవారున్నారని మనుషులందరికీ పార్కు మూసివేశారా?

చలికాలంలో కుక్కను ఎక్కడికైనా తీసుకుపోయే హక్కు కావాలని కూడా ఇక్కడ వాదన లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారి, నేటికీ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి వరకు సాగే నుమాయిష్ జనసమ్మర్దంలోకి కుక్కను తీసుకువెళ్లాలనుకోవడం ఆ కుక్కకే అన్యాయం. వేల కాళ్ల మధ్య, లౌడ్‌స్పీకర్ల మోతలో అది అనుభవించేది వినోదం కాదు, వణుకు. పరేడ్ మైదానంలో సంక్రాంతికి జరిగే పతంగుల పండుగకూ ఇదే మాట వర్తిస్తుంది. గాజుపొడి పూసిన సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించినా, సంక్రాంతి మరునాడు ఉప్పల్ గల్లీల్లో చెట్లకూ తీగలకూ వేలాడేది అదే. తెగి నేల మీద పడ్డ దారం కుక్క పాదానికి చుట్టుకుంటే ఎముక దాకా కోసుకుపోగలదు, మింగితే పేగును కోస్తుంది. డిసెంబరు 31 రాత్రి బాణసంచా మోతకు తాడు తెంచుకొని పారిపోయిన కుక్కలు తెల్లవారాక ఎక్కడెక్కడో దొరుకుతాయి. భోగి మంట చుట్టూ చలి కాచుకోవడం కుక్కకూ ఇష్టమే, ఆ మంటలో పాత టైరు వేయనంత వరకు. మేత వెదుక్కుంటూ వలస పక్షులు వచ్చేది కూడా ఈ నెలల్లోనే కనుక, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు గట్ల మీద తాడు విప్పకూడదన్న నియమాన్ని యజమానులు తమంతట తాముగా పాటించవలసి ఉంటుంది.

మరి మిగిలేదేమిటి? మిగిలేది చిన్నదే, అయినా దానిలోనే సుఖమంతా ఉంది. మంచు విడుతుండగా పార్కులో నాలుగు చుట్లు, చెట్టు కింద ఎండపొడలో అరగంట కూర్చోవడం, ఆదివారం ఉదయం పొరుగువారి కుక్కతో పరిచయం. కాలనీ సంక్రాంతి ముగ్గుల పోటీ నాడు వరుసలకు దూరంగా తాడు పొట్టిగా పట్టుకొని ఒక చివర నిలబడి చూడడం. ముగ్గు తొక్కిన కుక్క మీద ఆ ఇల్లాలు కేకలు వేస్తుంది, యజమాని క్షమాపణ చెబుతాడు, కుక్క పాదం మీద తెల్లపిండితో ఇంటికి పోతుంది. పొరుగువారి మధ్య ఆ మాత్రం రాపిడి ఉండడం తప్పూ కాదు, వింతా కాదు. ఇదే చలికాలంలో మొదలై సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే కొమురవెల్లి జాతరకు పోయే కుటుంబాలు ఈ కాలనీల్లో ఎన్నో ఉన్నాయి. అక్కడ కొలువైన మల్లన్ననూ, మహారాష్ట్రలో ఆయన ప్రతిరూపంగా భావించే ఖండోబానూ కొలిచే సంప్రదాయంలో దేవుడి వెంట కుక్క ఉంటుంది. గొర్రెల మందను కాచినవారి దేవుడు ఆ కాపలాలో తోడు నిలిచిన ప్రాణిని పక్కన పెట్టుకోవడం సహజమే. దేవుడి పక్కన చోటున్న జంతువుకు పార్కులో కొద్ది గంటల చోటు పెద్ద కోరిక అవుతుందా?

వేళలు విడదీయడం కొత్త ఆలోచన కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉదయం 9 గంటలకు ముందూ రాత్రి 9 గంటల తర్వాతా నిర్దేశించిన భాగాల్లో కుక్కలను తాడు లేకుండా సైతం తిప్పనిస్తారు. మిగతా వేళ తాడు తప్పనిసరి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1979లోనే కుక్కల కోసం ప్రత్యేక పార్కు వెలిసింది. అంత దూరం పోనక్కరలేదు. బెంగళూరు కబ్బన్ పార్కులో పెంపుడు కుక్కలను నిషేధించాలని 2022లో వచ్చిన ప్రతిపాదన యజమానుల నిరసనతో ఆగిపోయింది. హైదరాబాద్ నగర పాలక సంస్థే 2018లో కొండాపూర్‌లో, అంతకుముందు చెత్త పడిన స్థలాన్ని బాగుచేసి, సుమారు 1.3 ఎకరాల్లో కోటి రూపాయలకు పైగా ఖర్చుతో కుక్కల పార్కు కట్టి దేశమంతటి మెప్పు పొందింది. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే అది నగరానికి పడమటి కొసన ఉంది. ఉప్పల్ నుంచి అక్కడికి పోవాలంటే నగరమంతా అడ్డంగా దాటాలి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో రైలున్నా అందులో పెంపుడు జంతువులను ఎక్కనివ్వరు, కనుక కారున్నవారికే ఆ పార్కు. ఐటీ కారిడార్ కుక్కలకు ఒక న్యాయం, పారిశ్రామికవాడ కుక్కలకు ఒక న్యాయమా అని ఎవరైనా అడిగితే పురపాలక అధికారులు ఏమని బదులిస్తారు? ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్ 16న మహానగరంలో విలీనమైనప్పుడు ఇక్కడి ప్రజలకు చెప్పింది, పన్నుతో పాటు సౌకర్యమూ సమానమవుతుందనే కదా. ఆస్తి పన్ను వసూలు చేసేటప్పుడు కుక్క ఉన్న ఇల్లూ లేని ఇల్లూ అని ఎవరూ తేడా చూపలేదు. ఆ పన్నుతో నీళ్లు పోసి పెంచిన గడ్డి దగ్గర మాత్రం తేడా చూపుతున్నారు.

మూసీ ఒడ్డున హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ అయిన హెచ్‌ఎండీఏ అభివృద్ధి చేసిన ఉప్పల్ భగాయత్ లేఅవుట్‌లో, 2019లో ప్రారంభమైన మినీ శిల్పారామం పరిసరాల్లో, ఈ దిక్కున మరెక్కడా లేనంత వెడల్పాటి రోడ్లూ ఖాళీ జాగాలూ ఉన్నాయి. అక్కడ అర ఎకరం కంచె కట్టి, ఒక కుళాయి, ఒక చెత్తబుట్ట పెట్టడానికి పెద్ద ప్రణాళిక అక్కరలేదు. కానీ అది వచ్చే దాకా ఆగనక్కరలేదు కూడా. కాలనీ పార్కుల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, నడకకు వచ్చే వృద్ధులు తిరిగిపోయి పిల్లలు ఇంకా రాని వేళ చూసి, అంటే ఉదయం 9 నుంచి 11 గంటల వరకూ, రాత్రి 8 తర్వాత ఒక గంటా, తాడు కట్టిన కుక్కలను లోపలికి అనుమతించవచ్చు. పిల్లల ఆటస్థలం ఎప్పుడూ వాటికి నిషిద్ధంగానే ఉండాలి. లోపలికి వచ్చే ప్రతి కుక్కకూ పురపాలక లైసెన్సు, ఆ ఏటి రేబిస్ టీకా పత్రం ఉండి తీరాలని షరతు పెట్టండి; మూడు నెలల వయసులో వేసే మొదటి టీకా నుంచి ఏటేటా వేయించే టీకా దాకా పశువైద్యుడు రాసిచ్చే చిన్న పుస్తకం చాలు. ఇప్పటి వరకు లైసెన్సు తీసుకోవడం వల్ల యజమానికి దక్కేదేమీ లేదు కనుకనే చాలామంది దాని జోలికి పోవడం లేదు. పార్కు ప్రవేశాన్ని దానితో ముడిపెట్టిన రోజున, ఏళ్ల తరబడి ప్రకటనలతో రాని లెక్క మీ ప్రాంతంలో ఒక్క చలికాలంలో వస్తుంది: ఏ ఇంట్లో ఏ కుక్క ఉన్నదో, దేనికి టీకా పడలేదో తెలుస్తుంది. విసర్జనను సంచిలో ఎత్తకపోయినవారికి మొదటిసారి జరిమానా, రెండోసారి ఆ ఏటికి ప్రవేశం రద్దు. ఇందులో అధికారులు చేయవలసిన ఖర్చు ఎంత? సంఘాలు వదులుకోవలసినది ఏమిటి?

ఈ కోరికను పరీక్షించి చూడడానికి కూడా మార్గముంది. ఉప్పల్‌లో ఒకటి, నాచారంలో ఒకటి, రెండు పార్కులను ఎంచుకొని ఈ చలికాలం ముగిసే వరకు పై వేళలు అమలుచేయండి; ఫిర్యాదుల పుస్తకం గేటు దగ్గరే ఉంచండి; శివరాత్రి తర్వాత, ఎండ ముదరకముందే, కుక్కలున్నవారినీ లేనివారినీ, ముఖ్యంగా కుక్కలంటే భయపడే తల్లులనూ పెద్దవారినీ పిలిచి బహిరంగ సమావేశంలో ఆ పుస్తకం తెరిచి చదవండి. ఫిర్యాదులు నిజంగా మిక్కుటమైతే పాత బోర్డును తిరిగి తగిలించుకునే అధికారం మీకు ఎప్పుడూ ఉంది. కావలసింది సంక్రాంతి లోగా ఒక కార్యవర్గ సమావేశం, ఒక తీర్మానం, వేళలు రాసిన కొత్త బోర్డు. ఆ తీర్మానం ప్రతిని గేటుకు అంటించవలసిందిగా మిమ్మల్ని కోరడమైనది.

ఇట్లు,
ఉప్పల్ నివాసి